మూత మీద చుక్క

ఏ రంగు కలిపినా, డబ్బాకి మూత బిగించే ముందు బాబాయ్ చిటికెన వేలి కొసతో ఆ రంగును తాకుతాడు. మూత మీద ఒక చుక్క పెడతాడు. దాని మీద మెల్లగా ఊదుతాడు. ఆరేదాకా మాట్లాడడు. కొనడానికి వచ్చినవాళ్లు తొందరలో ఉన్నా, బండి రోడ్డుకి అడ్డంగా ఆపి వచ్చామని మొత్తుకున్నా, ఎడమచెయ్యి ఎత్తి ఆగమంటాడు. తడిగా ఉన్నప్పుడు రంగు ఒకలా ఉంటుంది, ఆరాక ఇంకోలా. ఆరిన చుక్కను చూపించి, ఇదేనా అని అడిగి, అవునంటేనే డబ్బా చేతికిస్తాడు.

అందువల్ల ఆయన చిటికెన వేలి గోరు ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటుంది. పొద్దుటి బేరం ఏమిటో భోజనం వడ్డిస్తూనే ఆయన భార్య గోరు చూసి చెప్పేస్తుంది.

ఆయన అసలు ఎవరికి బాబాయో ఎవరూ అడగరు. అందరికీ బాబాయే. రంగుల కొట్టు ఆయన అన్నది. అన్న సరుకు కోసం ఊళ్లు తిరుగుతూ ఉంటాడు. కౌంటర్ దగ్గర కూర్చునేది అన్న భార్య. ఆవిడ అందరికీ పెద్దమ్మ. బాబాయ్‌కి మాత్రం వదిన. కొట్టు సన్నగా, పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. ముందు భాగంలో కౌంటరు, దాని మీద కంప్యూటరు. పక్కన రంగులు కలిపే యంత్రం. చివర్న, వెలుతురు సరిగ్గా చేరని చోట, ఒక పొడవాటి అర.

యంత్రం మనిషంత ఎత్తు. దాని పొట్టలో గుండ్రంగా రంగు గొట్టాలు. కంప్యూటర్లో రంగు పేరు నొక్కితే, ఏ గొట్టం నుంచి ఎంత పడాలో ఒక ప్రోగ్రాం చెబుతుంది. తెల్ల రంగు ఉన్న డబ్బాలోకి సన్నటి ధారలు పడతాయి. ఆపైన డబ్బాను కుదిపే పెట్టెలో పెడితే కొట్టంతా కాసేపు వణుకుతుంది.

ఆ యంత్రం వచ్చిన రోజు బాబాయ్ అలుగుతాడని పెద్దమ్మ భయపడింది. అంతకు ముందు ఆయన కర్రతో, కంటితో కలిపేవాడు. ఆయన అలగలేదు. యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి, కర్ర తిప్పి నొప్పెట్టిన తన భుజం నిమురుకుని, "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావే" అన్నాడు దాంతో.

కంపెనీవాళ్లు పెట్టిన రంగుల పేర్లకి ఆయన నోరు తిరగలేదు. తను తయారు చేసిన రంగులకి తనే పేర్లు పెట్టి ప్రోగ్రాంలో దాచుకోవడం మొదలుపెట్టాడు. ఇటుక ఎరుపులో కొంచెం నలుపు పడితే అది 'వదిన చిరాకు'. లేత గులాబీ 'కొత్త అల్లుడు'. ఎన్ని చూపించినా నచ్చని ఒక పెద్దమనిషి చివరికి విసిగిపోయి ఒప్పుకున్న గోధుమ రంగు 'సరే పోనీండి'. కొనుక్కుపోయినవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆ పేర్లతోనే అడుగుతారు. 'వదిన చిరాకు ఒక పెద్ద డబ్బా' అని ఎవరైనా అంటే పెద్దమ్మ తల ఎత్తకుండానే బిల్లు రాస్తుంది.

ఆయనలో ఇంకో గుణం ఉంది. ఏదీ పారేయడు. వెంట్రుకలు రాలిపోయిన బ్రష్షులు, పిడి లేని గరిటెలు, తాళం పోయిన తాళంచెవులు. అడుగున వేలెడు రంగు మిగిలిన డబ్బాలు ఇంటికి చేరతాయి. అవి వచ్చినంత మేరా గోడకి పూస్తాడు. "మా ఇంట్లో ఏ గోడకీ పక్క గోడతో మాటల్లేవు" అంటుంది ఆయన భార్య, వచ్చినవాళ్లకి ఇల్లు చూపిస్తూ.

కలిపాక ఎవరికీ నచ్చక మిగిలిపోయి, గడువు దాటిన డబ్బాలు కొట్టు చివరి అరలోకి పోతాయి. సరుకు ఎంత ఉందని వదిన అడిగితే ఆ అర వైపు చూడకుండానే చెబుతాడు.

"మరి అవో?"

"అవి రిటైరయ్యాయి వదినా. లెక్కలోకి రావు."

"లెక్కలోకి రానివి కొట్టులో ఎందుకు?"

"ఉండనివ్వండి. అన్నం అడుగుతున్నాయా?"

కంప్యూటర్లోని యాంటీవైరస్‌కి కూడా గడువు దాటింది. మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది అని ఎర్రటి పెట్టె ఒకటి తెర మీదికి వస్తూ ఉండేది. మూస్తే మళ్లీ వచ్చేది. బేరానికి వచ్చినవాళ్లు అది చూసి, పెద్దమ్మ వైపు జాలిగా చూసేవాళ్లు.

"ఆ ఎరుపు చూడలేకపోతున్నాను" అందావిడ.

"అది మన చిరాకు కంటే ఒక వన్నె ఎక్కువే" అని ఒప్పుకున్నాడు బాబాయ్.

వీధి చివర కంప్యూటర్ల కొట్టులో కొత్త యాంటీవైరస్ కొనుక్కొచ్చాడు. మర్నాడు పొద్దున్నే, బేరాలు మొదలవకముందే, కళ్లజోడు తుడుచుకుని కూర్చుని తనే ఎక్కించాడు. అది అడిగినవాటికి ఓపిగ్గా సమాధానాలు నొక్కాడు. మధ్యలో అది, ఈ కంప్యూటర్లో పాత యాంటీవైరస్ ఒకటి ఉంది, తీసేయమంటారా అని అడిగింది. బాబాయ్‌ని అడగకూడని ప్రశ్న అది. వద్దని నొక్కాడు.

తెర కింద మూలన, గడియారం పక్కన, ఆకుపచ్చ డాలు బొమ్మ ఒకటి కొత్తగా వెలిసింది. దాని పక్కనే పాతది, గడువు తీరి బూడిద రంగుకి తిరిగిన డాలు. ఎర్ర పెట్టె మళ్లీ రాలేదు.

"ఇక నిశ్చింత" అన్నాడు.

కాసేపటికి కంప్యూటర్ లోపలి ఫ్యాను రొద పెట్టడం మొదలైంది. మౌస్ కదిపితే తెర మీద బాణం వెంటనే కదలడం లేదు. కాసేపు ఆలోచించుకుని, తడి రంగులో కాలు పెట్టినట్టు, ఒక్కో అడుగూ పీక్కుంటూ వెళుతోంది.

"కొత్తగా వచ్చింది కదా, ఇల్లంతా చూసుకుంటోంది" అన్నాడు బాబాయ్.

"చూసుకోనీ. మనల్ని బయటికి పంపకుండా ఉంటే చాలు" అంది వదిన.

మధ్యాహ్నం నిచ్చెన వచ్చాడు. నిచ్చెన అంటే ఒక పెయింటర్. ఎంత పొడుగంటే, పైకప్పుకి రంగు వేయడానికి స్టూలు చాలు. చాలాకాలం ఒక పెద్ద మేస్త్రీ దగ్గర పనిచేసి, ఈమధ్యే సొంతంగా పని పట్టాడు. పళ్ల డాక్టరమ్మ కొత్త ఆసుపత్రి, అదే అతని మొదటి పని. డాక్టరమ్మకి ఏ రంగూ నచ్చలేదు. ఆసుపత్రిలా ఉండకూడదు, అలాగని ఇల్లులానూ ఉండకూడదు అంది. ఎన్నో చుక్కలు చూసింది. ఎక్కడా విసుక్కోలేదు. చివరికి బాబాయ్ పావురం మెడకీ తడి ఇసుకకీ మధ్య ఎక్కడో ఒక రంగు పట్టుకున్నాడు. దాని పేరు 'డాక్టరమ్మ ఓపిక'.

నిచ్చెన ఖాళీ డబ్బా కౌంటర్ మీద పెట్టాడు.

"ఓపిక అయిపోయింది బాబాయ్. ఇంకో డబ్బా కావాలి."

"సరిపోవాలే?"

"జనం కూర్చునే గది గోడ తాగేసింది. ఎంత పూసినా పీల్చుకుంటోంది. సరిగ్గా సగంలో ఆగిపోయాను. సాయంత్రంలోగా పూసేస్తే పొద్దుటికి ఆరుతుంది. పొద్దున్నే తెరుస్తారు."

"దానికేం, ఇప్పుడే ఇస్తా."

బాబాయ్ రంగుల ప్రోగ్రాం బొమ్మ మీద నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. ఆ బొమ్మలోని రంగులన్నీ ఒక్కసారిగా పోయి తెల్ల కాగితంలా మారింది. ఫైలు కనబడలేదని ఒక చిన్న పెట్టె వచ్చింది.

బాబాయ్ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. ఫైలు అప్పటికీ కనబడలేదు.

కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. అది లేచేసరికి పెద్దమ్మ ఇద్దరికి బిల్లులు చేతితో రాసి పంపేసింది. ప్రోగ్రాం లేదు. యంత్రానికి వెళ్లే తీగ పీకి, ఊది, మళ్లీ గుచ్చాడు. లేదు. యంత్రం కంపెనీకి ఫోను చేశాడు. ఎల్లుండి మనిషిని పంపుతామన్నారు.

నిచ్చెన ముఖం సున్నం కొట్టినట్టయింది.

"బాబాయ్, నా మొదటి పని ఇది. లోపలికి వచ్చే ప్రతివాడూ ఆ గోడకెదురుగా కూర్చుంటాడు. నోరు నొప్పితో ఇంకేం చేస్తాడు, గోడనే చూస్తాడు. సగం గోడ చూసినవాడు నన్ను తన ఇంటికి పిలుస్తాడా?"

"పిలవడు" అంది పెద్దమ్మ.

"వదినా."

"ఉన్నమాటే అన్నాను. ఇదివరకు నువ్వు కంటితో కలిపేవాడివి కదా. ఇప్పుడు కలుపు."

బాబాయ్ కర్ర వెతికి తీశాడు. ఆ కర్ర కూడా పారేయలేదు. తెల్ల రంగులో బూడిద, పసుపు, పిసరంత నీలం వేశాడు. తిప్పాడు. భుజం పట్టేసింది. చేతులు మార్చి తిప్పాడు. నిచ్చెన తెచ్చిన ఖాళీ డబ్బా మూత మీద పాత చుక్క ఉంది. దాని పక్కన కొత్త చుక్క పెట్టి ఊదాడు. ముగ్గురూ తలలు వంచి చూశారు.

"అదే కదా" అంది పెద్దమ్మ.

"దగ్గర చుట్టమే" అన్నాడు బాబాయ్. "తోబుట్టువు కాదు."

మూతను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి ఎండలో పట్టుకున్నాడు. ఒక చుక్క చల్లగా ఉంది, ఇంకోటి కొంచెం జబ్బుపడ్డట్టుంది. మూత మీద అంత తెలిస్తే, గోడ మీద ఇంకా తెలుస్తుంది. ఆ డబ్బాకి మూత పెట్టి పక్కన ఉంచాడు. ఒకప్పుడు ఇలాంటివి సరిపెట్టేవాడు. అప్పట్లో పోల్చి చూసుకోవడానికి యంత్రం కలిపిన చుక్క పక్కన ఉండేది కాదు.

కొత్త యాంటీవైరస్ పెట్టె మీద సహాయానికి ఒక ఫోను నంబరు ఉంది. చేశాడు. చాలాసేపు పాట వినిపించింది. ఆ తర్వాత ఒక అమ్మాయి గొంతు.

"నమస్కారం సర్, ఏం సహాయం కావాలో చెప్పండి."

"పొద్దున మీదాన్ని పెట్టాను తల్లీ. అప్పట్నుంచి మాది కనబడట్లేదు."

"మీది అంటే?"

"రంగుల ప్రోగ్రాం. పెయింటర్ ఇక్కడే ఉన్నాడు, సగం గోడ అక్కడుంది."

గోడ సంగతి అమ్మాయికి అర్థం కాకపోయినా మిగతాది అర్థమైంది. ఆకుపచ్చ డాలు బొమ్మ నొక్కించింది. లోపల క్వారంటైన్ అని ఒక గది ఉంటుంది, అనుమానం వచ్చినవాటిని పట్టుకుని అందులో పెడతాం అంది. బాబాయ్ తెరిచి చూశాడు. రంగుల ప్రోగ్రాం అందులో కూర్చుని ఉంది.

"ఇదేం పాపం చేసిందమ్మా?"

"ఏం చేయలేదేమో సర్. మా జాబితాలో దీని పేరు లేదు. తెలియని మొహం కదా, మా వాడు ఆపాడు. ముందు నాకు పంపండి, చూస్తాను."

ఎలా పంపాలో ఆమే చెప్పింది. చూసింది. ఇందులో హానిచేసేది ఏదీ లేదు, వదిలేయమని నొక్కండి అంది. నొక్కాడు. తెర మీద బొమ్మకి రంగులు తిరిగొచ్చాయి. నిచ్చెన గట్టిగా ఊపిరి వదిలాడు. బాబాయ్ బొమ్మ మీద నొక్కాడు. బొమ్మ తెల్లబడింది.

"మళ్లీ పోయింది తల్లీ."

"మా వాడి గదిలో చూడండి."

"లేదు. మీ గది ఖాళీ."

అమ్మాయి ఆలోచనలో పడింది. వెనక ఇంకెవరెవరివో ఫోను మాటలు వినబడుతున్నాయి.

"సర్, మీ కంప్యూటర్లో ఇంకో యాంటీవైరస్ ఏదైనా ఉందా?"

"లేదమ్మా."

"కచ్చితంగా లేదా?"

"నా కొట్టులో ఏముందో నాకు తెలియదా తల్లీ? లేదు."

కౌంటర్ ఇవతల నిలబడ్డ నిచ్చెన, ఉన్న పొడుగు చాలక ఇంకా ముందుకి వంగి, బాబాయ్ తల మీదుగా తెరను చూస్తున్నాడు.

"బాబాయ్, ఆ మూలన రెండు డాళ్లున్నాయి. ఒకటి ఆకుపచ్చ. ఆ బూడిదది ఏమిటి?"

"అదా? పాతది."

"పాతదంటే ఏమిటి?" అంది ఫోనులో అమ్మాయి.

"పాత యాంటీవైరస్సమ్మా. గడువైపోయింది. రిటైరైంది. అది లెక్కలోకి రాదు."



"సర్, అది రిటైరవలేదు. ఇంకా డ్యూటీలోనే ఉంది."

పెద్దమ్మ పెన్ను కింద పెట్టింది.

అమ్మాయి విడమరచి చెప్పింది. రెండూ ఒకే వాకిట్లో కాపలా కాస్తున్నాయి. లోపలికొచ్చే ప్రతిదాన్నీ రెండూ సోదా చేస్తున్నాయి, అందుకే కంప్యూటరు నడవలేకపోతోంది. రంగుల ప్రోగ్రాం ఎప్పట్నుంచో ఇంట్లో ఉన్నదే కాబట్టి పాతది ఇన్నాళ్లు ఊరుకుంది. ఇప్పుడు కొత్తది దాన్ని వదిలేసరికి, ఎవరో బయటినుంచి వస్తున్నారనుకుని పాతది పట్టుకుంది.

"అంటే వీడు వదిలితే వాడు పట్టుకుంటున్నాడు" అన్నాడు నిచ్చెన.

"అంతే సర్. ఒకటి తీసేయాలి."

"ఏది?" అన్నాడు బాబాయ్. ఏదో తెలిసే అడిగాడు.

"అర్థమైందా మరిదీ?" అంది పెద్దమ్మ. "అన్నం అడుగుతోందా అన్నావు. మొత్తం కొట్టునే తినేసింది."

పాత ప్రోగ్రాములు తీసేసే చోటు ఎక్కడుందో అమ్మాయి చెప్పింది. అక్కడికి వెళ్లేసరికి బాణం రెండుసార్లు అలిసిపోయింది. పాతదాని పేరు పక్కన 'తీసేయి' అని ఉంది. బాబాయ్ దాని మీద బాణం నిలబెట్టి, వేలు మౌస్ మీద పెట్టి, ఆగిపోయాడు.

"నొక్కు" అంది పెద్దమ్మ.

"నొక్కుతా."

"ఇంకెప్పుడు?"

"ఇన్నేళ్లు చూసుకుంది వదినా. ఒక్క వైరస్‌ని రానిచ్చిందా?"

"సన్మానం చేద్దాం. ముందు నొక్కు."

"బాబాయ్, పొద్దు వాలుతోంది. నేను నొక్కనా?" అన్నాడు నిచ్చెన, చెయ్యి చాపుతూ. ఆ చెయ్యి అక్కడినుంచే అందేది.

"నా చేత్తో పెట్టుకున్నాను, నా చేత్తోనే తీస్తాను." వేలు కదలలేదు.

"సర్, ఆగండి ఆగండి" అంది ఫోనులో అమ్మాయి. "నొక్కేశారా?"

"లేదమ్మా."

"హమ్మయ్య. మీ ఫైలు ఇప్పుడు దాని గదిలోనే ఉంది కదా. ఇప్పుడే తీసేస్తే దాంతోపాటు మీ ఫైలూ పోతుంది. ముందే చెప్పాల్సింది, మర్చిపోయాను."

బాబాయ్ మౌస్ మీద నుంచి చెయ్యి తీసి, పెద్దమ్మ వైపు తిరిగాడు.

"నన్ను చూడకు" అందావిడ. "తెర చూడు."

తర్వాతి పని నెమ్మదిగా, వరసగా జరిగింది. ముందు కొత్తదానితో, ఈ ప్రోగ్రాం మన ఇంటిదే, దీన్ని ఇక ముట్టుకోవద్దని చెప్పించింది అమ్మాయి. ఆ పైన పాతదాన్ని కాసేపు కళ్లు మూసుకోమంది. అది కళ్లు మూసుకున్నాక, దాని గదిలోంచి ఫైలును బయటికి తీయించింది. బొమ్మకి రంగులొచ్చాయి. ఈసారి పోలేదు.

"ఇప్పుడు తీసేయండి సర్."

బాబాయ్ నొక్కాడు. అది ఒక పట్టాన పోలేదు. నిజంగా తీసేయాలా అని అడిగింది. మళ్లీ ఆలోచించుకోండి అంది. చివరికి, ఎందుకు తీసేస్తున్నారో చెప్పమని కారణాల వరస చూపించింది. పనితీరు నచ్చలేదు. ధర ఎక్కువ. వాడటం కష్టం. అన్నీ చదివి, ఇతర కారణాలు అనే దాని మీద నొక్కాడు. కింద ఖాళీ గడి ఉంది. ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాశాడు. 'నీ తప్పేమీ లేదు.'

బూడిద డాలు పోయింది. కంప్యూటరు ఆపి వేయమంది అమ్మాయి. ఫ్యాను రొద లేదు. బాణం వేలితోపాటే పరిగెత్తింది.

"ఇంకేమైనా సహాయం కావాలా సర్?"

"వద్దు తల్లీ. మీ ఇంట్లో గోడలకి ఏ రంగు?"

"అద్దె ఇల్లు సర్. తెలుపు."

"ఏ తెలుపు?"

"తెలుపులో రకాలుంటాయా సర్?"

"ఫోనులో చెప్పేది కాదమ్మా" అన్నాడు బాబాయ్ బాధగా.

ప్రోగ్రాం తెరిచాడు. 'వదిన చిరాకు' ఉంది. 'కొత్త అల్లుడు' ఉంది. 'డాక్టరమ్మ ఓపిక' ఎక్కడిదక్కడే ఉంది. దాని మీద నొక్కాడు. యంత్రం పొట్ట తిరిగింది. తెల్ల రంగులోకి సన్నటి ధారలు పడ్డాయి. కుదిపే పెట్టె కొట్టంతటినీ వణికించింది. బాబాయ్ మూత తీసి, చిటికెన వేలు ముంచి, పాత మూత మీద మూడో చుక్క పెట్టాడు. ఊదాడు. ఆయన ఎడమచెయ్యి ఎత్తకుండానే అందరూ ఆగారు. వెల్ల కోసం అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ కూడా, ఏమిటో తెలియకుండానే, ఊపిరి బిగబట్టి నిలబడింది.

చుక్క ఆరింది. మొదటి చుక్కకీ దానికీ తేడా లేదు.

"ఇదేనా?" అన్నాడు బాబాయ్.

"ఇదే" అని నిచ్చెన డబ్బా చంకన పెట్టుకుని, గుమ్మం తగలకుండా తల వంచి, పరుగున వెళ్లిపోయాడు.

కొట్టు మూసేముందు బాబాయ్ కంటితో కలిపిన డబ్బా తెరిచి చూసుకున్నాడు. కొలతలు గుర్తున్నంత మేరకు ప్రోగ్రాంలోకి ఎక్కించి, పేరు పెట్టే చోట 'దగ్గర చుట్టం' అని రాశాడు.

"అదీ అమ్ముతావా?" అంది వదిన.

"దగ్గర చుట్టం ఎవరికి అక్కర్లేదు వదినా?"

"చాలామందికి" అని దీపం ఆర్పింది ఆవిడ.

మర్నాడు పొద్దున కొట్టు తెరవడానికి వెళ్తూ బాబాయ్ ఆసుపత్రి దారి పట్టాడు. తలుపు తెరిచే ఉంది. అప్పటికే ఒకాయన బుగ్గ పట్టుకుని గోడకెదురుగా కూర్చున్నాడు. బాబాయ్ గోడ దగ్గరికి వెళ్లాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. వెనక్కి నడిచాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. వంగి, గోడ వారగా చూశాడు.

లోపలినుంచి డాక్టరమ్మ వచ్చింది.

"ఏం వెతుకుతున్నారండీ?"

"అతుకు, డాక్టరుగారూ."

"దొరికిందా?"

"లేదండి" అన్నాడు ఎంతో సంతోషంగా. బుగ్గ పట్టుకున్నాయన కూడా గోడ వైపు చూసి, అతుకు కోసం కాసేపు వెతికి, తల అడ్డంగా ఊపాడు.

అక్కడినుంచి కొట్టుకి వచ్చి, పెద్దమ్మ రాకముందే, చివరి అర ముందు స్టూలు వేసుకున్నాడు. గడువు దాటిన డబ్బాలు ఒక్కొక్కటే దించి మూత తీశాడు. లోపల రంగు రాయిలా గడ్డకట్టి ఉంది. మూతను గుడ్డతో తుడిచి అరలో నిలబెట్టాడు. డబ్బాను తీసుకెళ్లి గుమ్మం పక్కన, పాత ఇనుము కొనేవాడి కోసం పెట్టాడు. అర నిండా మూతలు, మూతల మీద చుక్కలు. ఒక్క డబ్బా దగ్గర మాత్రం ఆగాడు. చిటికెన వేలితో పై పొరను నొక్కి చూశాడు. అది చిరిగింది. లోపల ఇంకా తడి ఉంది. మూత బిగించి, దాన్ని మళ్లీ అరలోకి ఎక్కించాడు.